కుక్క కంట్లో కిటికీని చూసిన రాజేశం

ఆదివారం ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగుతున్నాను. కాశిబుగ్గ నుంచి సైకిల్ మీద వచ్చిన ఒక నేతపనివాడు గేటు దగ్గరే నన్ను ఆపి, "యోబన్నా, మీ రాజేశం మనకు లేడిగ" అన్నాడు. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నాడట. రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. నాకు ఆ మాట తలకెక్కలేదు. శనివారం సాయంత్రమే ఇద్దరం కలిసి పశువుల దవాఖానకు తాళం వేశాం. "సోమవారం గొర్ల టీకాలున్నయి, జర పెందలాడ రా తమ్మీ" అని చెప్పి, టిఫిన్ డబ్బా సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్లాడు. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

నేను వెళ్లేసరికి ఆయన ఇంటి సందులో కాలు పెట్టే చోటు లేదు. మగ్గాలు ఆపి వచ్చిన నేతవాళ్లు, మిర్చి మార్కెట్ హమాలీలు, పరకాల బస్సు దిగి వచ్చిన గొర్లకాపరులు, హనుమకొండ బంగళాల నుంచి కార్లలో వచ్చిన పెద్దలు. సందు మొదట్లో నిలబడి చూస్తున్నప్పుడు నాకు ముందు వచ్చిన ఆలోచన దుఃఖం కాదు. నా చావుకు ఇందులో సగం మంది కూడా రారు అన్నది. విశ్వాసినై, సంఘంలో పెద్దనై, ఒక మంచి మనిషి పార్థివ దేహానికి నాలుగిళ్ల దూరంలో నేను అనుకున్న మాట అది. ఆయన గురించి రాయమని మన సంఘ పత్రిక వారు అడిగినప్పుడు, రాస్తే ఆ మాటతో కలిపే రాస్తానని ఒప్పుకున్నాను. పదిహేనేళ్లు ఆయన పక్కన పనిచేశాను. పదిహేనేళ్లూ ఆయనను చూసి ఈర్ష్యపడ్డాను. ఈర్ష్యపడేవాడు ఎదుటి మనిషిలో ఏదీ వదలకుండా చూస్తాడు. కనుక నేను రాసింది నమ్మవచ్చు.

రాజేశం మన విశ్వాసంలో లేడు. పద్మశాలి ఇంట పుట్టి, మగ్గం మీద పెరిగి, ఆ పని కడుపు నింపక డెబ్బైల మొదట్లో మా దవాఖానలో అటెండర్‌గా చేరాడు. పశువులను కట్టేయడం, సిరంజీలు మరిగించడం, నేల కడగడం ఆయన పని. అప్పటికి నేను శిక్షణ పొందిన కాంపౌండర్‌ను, సర్వీసులో మూడేళ్లు పెద్ద. వయసులో మాత్రం ఆయన నాకంటే ఆరేళ్లు పెద్ద. అందుచేత నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన "తమ్మీ" అనేవాడు. ఉద్యోగంలో నేను పైన, వరుసలో ఆయన పైన. నా బాధ అక్కడే మొదలైంది.

ఆయన చేరిన మొదటి ఎండాకాలంలోనే ఒక హమాలీ తన కుక్కను సంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మిర్చి బస్తా పిగిలి దాని ముఖం మీద పడిందట. రెండు కళ్లూ మూసుకుని, ముందుకాళ్లతో ముఖాన్ని రుద్దుకుంటూ కుయ్యోమంటోంది. నేను గబగబా చుక్కల మందు సీసా మూత తీశాను.

"ఆగు తమ్మీ" అన్నాడు రాజేశం. "కారం లోపట్నే ఉంటె మందేం చేస్తది? ముందు కడుగుదాం."

కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి, టీ కెటిల్‌లో పోసి, ముక్కు వైపు మూల నుంచి బయటికి సన్నని ధారగా వదిలాడు. తొందర లేదు. ఒక కన్నయ్యాక ఇంకో కన్ను, ఒక్కో కంటికి వేరే దూది. మధ్యలో హమాలీ ఊరుకోలేక "మా అవ్వ తల్లిపాలు పిండమన్నది, సారూ" అన్నాడు. "మీ అవ్వను నా దగ్గరికి తోలు, ఆమెకు గూడ కండ్లు కడుగుత" అని రాజేశం నవ్వాడు. పావుగంటకు కుక్క కళ్లు తెరిచి ఆయన చేయి నాకింది. మరునాడు హమాలీ మళ్లీ వచ్చి ఆయనకు దండం పెట్టి వెళ్లాడు. మూత తీసిన సీసా పట్టుకుని పక్కన నిలబడిన నన్ను ఎవరూ గమనించలేదు.

కళ్ల విషయంలో ఆయన ఒక మాట తరచుగా చెప్పేవాడు: "ఒక్క కన్నే బాధపడితె ఆ కంట్ల ఏమున్నదో దేవులాడు. రెండు కండ్లు పుసి కడితె కుక్కనంత చూడు." ఒకసారి ఒక షావుకారు రెండు కళ్లూ చీముతో అతుక్కుపోయిన కుక్కపిల్లను తెచ్చాడు. నేను ఆయింట్‌మెంట్ రాసి పంపేద్దామనుకున్నాను. రాజేశం దాని ముక్కు తడిమాడు, దగ్గు విన్నాడు, తిండి తింటోందా అని అడిగాడు. తర్వాత దానిని మిగతా కుక్కల నుంచి దూరంగా వెనుక వరండాలో కట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, డాక్టరు గారిని పిలిచాడు. అది కంటి జబ్బు కాదు, కుక్క నుంచి కుక్కకు అంటుకునే డిస్టెంపర్. ఆ రోజు ముందు వరండాలో ఇంకో ఆరు కుక్కలున్నాయి. నా పద్ధతిలో పోయి ఉంటే ఆ ఆరింటికీ అంటించి పంపేవాణ్ణి.

అయితే ఆయనకు పేరు తెచ్చింది కిటికీ. మా దవాఖాన తూర్పు గోడకు నాలుగు ఇనుప ఊచల కిటికీ ఒకటుంది. కన్ను నొప్పితో ఏ కుక్క వచ్చినా ఆయన దాన్ని ఒళ్లోకి తీసుకుని, తన నీడ పడకుండా పక్కకు జరిగి, దాని ముఖాన్ని ఆ వెలుతురు వైపు తిప్పేవాడు. ఆరోగ్యంగా ఉన్న నల్లగుడ్డు మీద ఆ కిటికీ నాలుగు ఊచలతో సహా చిన్నగా, గీసినట్టు కనిపిస్తుంది. పైపొర మీద గీరుకున్నా, పుండు పడినా సరిగ్గా అక్కడ ఊచ వంకరపోతుంది, లేదా తెగిపోతుంది. కన్ను ఎండిపోతే కిటికీ మొత్తం మసక బారుతుంది. "మగ్గం మీద పడుగుల పోగు తెగితె ఊకె చూస్తె కనబడది తమ్మీ. వెలుతురుకు వెట్టి చూడాలె" అనేవాడు. తర్వాత కొన్నాళ్లకు డాక్టరు గారు హైదరాబాద్ నుంచి రంగు చుక్కలు తెప్పించారు. అవి వేస్తే కంట్లో పుండు ఉన్నచోట పచ్చగా తేలుతుంది. చాలాసార్లు రాజేశం వేలుపెట్టి చూపిన చోటే పచ్చ తేలింది. డాక్టరు గారు నా వైపు తిరిగి, "యోబూ, నువ్వు కూడా కొద్ది రోజులు రాజేశం పక్కన నిలబడి చూడు" అన్నారు.

నేను నిలబడలేదు. అటెండర్ పక్కన నిలబడి నేర్చుకోవడానికి నా సర్టిఫికెట్ ఒప్పుకోలేదు. పైకి "సరే సార్" అన్నాను. ఆ తర్వాత ఆయన కుక్కను కిటికీ వైపు తిప్పినప్పుడల్లా నాకు స్టోర్‌రూమ్‌లో ఏదో పని గుర్తొచ్చేది.

ఇక చెప్పవలసింది చెబుతాను. ఇది మన సంఘంలో పాతవాళ్లకు సగమే తెలుసు. ఆ రోజుల్లో ఇక్కడ పాస్టరుగా ఉన్న అయ్యగారు ఇప్పుడు వేరే ఊరి సంఘంలో ఉన్నారు. ఈ పత్రిక వారికీ అందుతుంది. వారి భార్య, మన అమ్మగారు కూడా చదువుతారు.

అయ్యగారి ఇంట్లో మోతి అనే కుక్క ఉండేది. మిర్చి బండ్లు వెళ్లే దారి పక్కనే ఇల్లు. ఒక వేసవిలో మోతి ఎడమ కన్ను ఎర్రబడి, నీరు కారుతూ, సగం మూసుకుపోయింది. అమ్మగారు నాకు కబురు పంపారు. సంఘంలో ఎవరింట్లో మేకకు, బర్రెకు, కుక్కకు జబ్బు చేసినా నన్నే పిలిచేవారు. ఊరంతా రాజేశం పేరు చెప్పుకుంటున్నా మందిరం ప్రహరీ లోపల మాత్రం నా పేరే వినిపించేది. నాకు మిగిలిన చోటు అదొక్కటే. దానిని నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో ఆ వారంలో తెలిసింది.

నేను కన్ను ఎర్రగా ఉండటం చూశాను, అంతకన్నా ఏమీ చూడలేదు. అంతకుముందు వేరే కుక్క కళ్ల దురదకు వాడిన ఆయింట్‌మెంట్ సగం ట్యూబు నా సంచిలో ఉంది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది. కింది రెప్ప లాగి పూశాను. రెండో రోజుకు ఎరుపు పోయింది, కన్ను తెరుచుకుంది. ఆ ఆదివారం, దేవుడు చేసిన మేళ్లను లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అమ్మగారు లేచి నిలబడ్డారు.

"మా మోతి కన్ను పోతదని మస్తు బాధపడ్డం. యోబన్న చేతుల మీదుగ దేవుడు బాగు చేసిండు" అన్నారు.

సంఘమంతా "స్తోత్రం" అంది. నేను తల వంచుకున్నాను, వినయం వల్ల కాదు, ముఖంలో సంతోషం కనబడకూడదని.

ఆరాధన తర్వాత వారింటికి భోజనానికి వెళ్లాను. మోతి వరండా మూలలో గోడ వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. వెలుతురు పడితే తల తిప్పుకుంటోంది. ఆ కన్ను మీద సన్నని నీలి పొగ లాంటిది కమ్ముకుంది. సాక్ష్యం చెప్పి రెండు గంటలు కాలేదు. తగ్గలేదని అంతమంది ముందు ఎలా చెప్పాలి? దేవుని పేరు మీద చెప్పిన మాట తప్పు అని నా నోటితో ఎలా అనాలి? "మందు పనిజేస్తాంది అమ్మగారూ, మానేటప్పుడు గట్లనే ఉంటది" అన్నాను. అదే ట్యూబు మళ్లీ పూశాను. సోమవారం పూశాను. మంగళవారం పూశాను. మందు రాసేముందు ప్రతిసారీ కళ్లు మూసుకుని ప్రార్థన కూడా చేశాను. ఇతరుల కష్టంలో మనం దేవుణ్ణి పిలిచే తీరుకూ, మన పరువు కోసం పిలిచే తీరుకూ తేడా ఆ మూడు రోజుల్లో నాకు బాగా తెలిసింది. అయినా ఆపలేదు.

బుధవారం సాయంత్రం వెళ్లేసరికి వరండాలో రాజేశం ఉన్నాడు. మోతి ఆయన ఒళ్లో ఉంది. నాకు చెప్పకుండా అమ్మగారే పిలిపించారు. ఆమె ముఖం పక్కకు తిప్పుకున్నారు. అయ్యగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఏం మందు వెట్టిన్రమ్మా?" అని రాజేశం అడుగుతున్నాడు.

"యోబన్న తెచ్చిందే" అన్నారు అమ్మగారు.

ఆయన ట్యూబు తీసుకుని మీది అక్షరాలు చూసి పక్కన పెట్టాడు. తర్వాత నన్ను అడిగాడు: "తమ్మీ, కిటికీ చూసినవా?"

"చూసిన" అన్నాను.

అబద్ధం. దేవుని సేవకుని ఇంట్లో, వాక్యం రాసిన క్యాలెండర్ కింద నిలబడి అబద్ధం చెప్పాను. రాజేశం తల ఎత్తి నా వైపు చూడలేదు. కుక్క కన్నునే చూస్తూ "సరే" అన్నాడు. అంతే. తర్వాత అమ్మగారితో నెమ్మదిగా, దాచకుండా చెప్పాడు:

"ఈ మందు ఇగ ఒక్కసారి గూడ వెట్టొద్దమ్మా. ఎర్రదనం తగ్గిస్తది గని లోపటి పుండును మాననియ్యది. పొద్దుగాల్నే డాక్టర్ సార్‌కు చూపియ్యాలె."

"కన్ను దక్కుతదా అన్నా?" అన్నారు అమ్మగారు.

"ఇప్పుడు చెప్పలేను. పుండు లోతు వోయింది. పలగకపోతె దక్కుతది."

డాక్టరు గారు మందు మార్చారు. రెండు గంటలకోసారి చుక్కలు వేయాలన్నారు. రాజేశం అప్పుడు చేసిన పనిని నేను చాలా ఏళ్లు అవమానంగానే భావించాను. "పగటి పూట చుక్కలు తమ్ముడు ఏస్తడు. నేను పొద్దుమీకి వచ్చి చూస్త" అని అమ్మగారికి చెప్పాడు. నన్ను ఆ ఇంటి గడప దాటనివ్వని రోజు రాకుండా చేసింది ఆ ఒక్క మాట. అప్పుడు మాత్రం, అటెండర్ కాంపౌండర్‌కు పని పంచుతున్నాడని నాలో నేను రగిలిపోయాను.

మోతి గోకకుండా ఉండటానికి ఆయన మగ్గానికి వాడే గంజి చిక్కగా పట్టించి ఎండబెట్టిన గుడ్డను అట్టలా బిగుసుకున్నాక గరాటులా కుట్టి దాని మెడకు కట్టాడు. మొదటిసారి అది చూసి అయ్యగారు పగలబడి నవ్వారు.

"ఏందయ్యా రాజేశం, మా మోతికి మైకు కట్టినవ్? ఆదివారం ప్రసంగం అదే చెప్తదా?"

"చెప్పనీయున్రి అయ్యగారూ. జర తొందరగ ముగిస్తది."

ఇల్లంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇరవై ఏళ్లుగా సంఘంలో ఉన్న నాకు అయ్యగారితో అలా మాట్లాడే చనువు ఏనాడూ రాలేదు.

పుండు పలగలేదు. పది పన్నెండు రోజులకు పొగ విడిపోయింది. ఆవగింజంత తెల్లమచ్చ మిగిలింది, చూపు దక్కింది. అమ్మగారు ఇంకోసారి సాక్ష్యం చెప్పారు. ఈసారి మందిరంలో రాజేశం పేరు వినిపించింది. నన్ను ఎవరూ తప్పు పట్టలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. లేచి "ఆ కన్నును పాడుచేసింది నేను" అనడానికి ఎంతో సమయం ఉంది. నేను పాటల పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. ఆ తర్వాత మన సంఘం వాళ్లు కూడా పశువులను తోలుకుని నేరుగా రాజేశం దగ్గరికే వెళ్లారు. చివరికి నా భార్య మార్తమ్మ కూడా, "మన కోడికి తెగులొస్తె గూడ నేను రాజేశం అన్ననే అడుగుత. నువ్వు మూతి ముడుచుకుంటె ముడుచుకో" అంది.

నాలుగేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరం సీసాలు కడుగుతున్నాం. ఇక మోయలేక అన్నాను: "అన్నా, ఆనాడు అయ్యగారింట్ల నేను కిటికీ చూడలే."

"ఎరికే తమ్మీ" అన్నాడు. చేతిలో సీసా దించలేదు. "చూసినోడు ఆ మందు వెట్టడు."

"మరి అప్పుడే ఎందుకు అనలే?"

ఆయన కడిగిన సీసాను బల్ల మీద బోర్లించాడు. తర్వాత తన ముచ్చట చెప్పాడు. దవాఖానలో చేరిన కొత్తలో, ఇంకా ఏమీ తెలియని రోజుల్లో, పరకాల దిక్కు గొర్లకాపరి ఒకడు కుక్కను తెచ్చాడట. ఒక్క కన్ను ఎర్రబడి ఉంది. నేను సెలవులో ఉన్న రోజు. రాజేశం కడిగి పంపేశాడు. ముక్కు వైపు మూలలో కుక్కకు ఇంకో లోపలి రెప్ప ఉంటుంది. దాని వెనుక గడ్డి గింజ ఒకటి ఇరుక్కుని ఉందని ఆయన చూడలేదు. వారానికి ఆ కన్ను పోయింది.

"కాపరి నన్నేమనలే. ఆ కుక్క మార్కెట్‌కు వచ్చినప్పుడల్ల ఒంటికన్నుతోని నన్ను జూసి తోకూపేది తమ్మీ. గది తట్టుకోలేకపోయిన. గప్పటికెళ్లి రెప్ప ఎత్తకుంట, కిటికీ చూడకుంట ఒక్కదాన్ని గూడ పంపలే."

నాకు ఆ క్షణంలో కలిగింది జాలి కాదు. తప్పు విషయంలో కూడా ఆయన నాకంటే మెరుగ్గా ఉన్నాడే అన్న కుళ్లు. ఆయన తప్పు ఆయనకు కళ్లు ఇచ్చింది. నా తప్పును నేను నాలుగేళ్లు దాచిపెట్టాను, అంతే. "అయ్యగారికి చెప్పాల్నా అన్నా?" అని అడిగాను.

"మోతి మంచిగనే ఉన్నది. నీకూ మీ దేవునికీ మధ్యల నేనెవణ్ణి?" అన్నాడు. మళ్లీ, "గని మందిరంల అందరు విన్నరు గద, యోబన్న ట్యూబు పూస్తె కన్ను వచ్చిందని. ఎవరింట్లనన్న గా ట్యూబు ఉంటె, ఇంకో కుక్కకు పూస్తరు. గందుకు చెప్పు" అన్నాడు.

అప్పుడూ చెప్పలేదు. ఆయన బతికి ఉండగా చెప్పి ఉంటే ఆయనకు ఎంత సంతోషం కలిగేదో ఇప్పుడు ఊహించడం తప్ప నేను చేయగలిగింది లేదు. కనుక ఈ పేజీలోనే చెబుతున్నాను. ఆ ఆదివారం నా గురించి చెప్పిన సాక్ష్యం నిజం కాదు. అమ్మగారు తెలియక చెప్పారు, నేను తెలిసి ఊరుకున్నాను. మోతి కన్ను నా చేతిలో చెడింది, రాజేశం చూపు వల్ల దక్కింది. మీ ఇళ్లలో కుక్క ఒక కన్ను మూసుకున్నా, నీళ్లు కారినా, గోకినా, మీద నీలి పొగ కమ్మినా, మనుషులకు తెచ్చిన చుక్కలు గాని, పాత ట్యూబులు గాని, పసరు గాని, తల్లిపాలు గాని వేయకండి. కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడగండి, గోకకుండా మెడకు ఏదైనా కట్టండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఎరుపు తగ్గినంత మాత్రాన బాగైందని మందిరంలో లేచి చెప్పకండి.

ఆయన స్థానంలో కొత్త మనిషి వచ్చాడు. పనిమంతుడే. మొన్న ఒక రిక్షా అతని కుక్కకు కళ్లు కడిగి మందు వేస్తే అది ఇట్టే లేచి తోక ఆడించింది. రిక్షా అతను నా ముందే, "యోబన్నా, ఏమనుకోకు గని, నీకంటె ఈయన చెయ్యి నయ్యం" అన్నాడు. ఛాతీలో మంట లేస్తుందని ఎదురుచూశాను. లేవలేదు. "అవును, మంచి చెయ్యి" అన్నాను. ఆ మాట అంత సులువుగా నా నోటినుంచి వచ్చాక స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి, గోనెసంచుల మీద కూర్చుని, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాను. ఈ ఈర్ష్యను నాలోనుంచి తీసేయమని పదిహేనేళ్లు మోకాళ్ల మీద దేవుణ్ణి అడిగాను. ఈ దారిన తీసేస్తాడని తెలిసి ఉంటే, అడిగేవాణ్ణి కాదు.